ఎనిమిదేళ్లు షెడ్డులో ఉన్న ఆర్‌ఎక్స్ 100: కార్బరేటర్ మార్చాలా, బాగు చేయాలా?

ప్రశ్న ఇదీ: 1991 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, అమలాపురం దగ్గర కొబ్బరితోట షెడ్డులో ఎనిమిదేళ్లు కదలకుండా ఉంది. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. సగం యాక్సిలరేటర్ దగ్గర ముక్కుతోంది. ట్యాప్ తెరిచి ఉంచితే కింది గొట్టంలోంచి పెట్రోల్ కారుతోంది. మెకానిక్ మాత్రం పాత కార్బరేటర్ పనికిరాదు, కొత్తది వేసేద్దాం అంటున్నాడు. వేయించాలా?

వేయించకండి. ముందు ఉన్నదాన్ని విప్పి చూడండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా కార్బరేటర్ బాడీ పోయిందని చెప్పేది కాదు. చోక్ తీయగానే ఆగిపోతోందంటే పైలట్ దారి, అంటే స్లో మీద (యాక్సిలరేటర్ తిప్పకుండా) ఇంజిన్ నడిచేటప్పుడు పెట్రోల్ వచ్చే సన్న దారి, పూడుకుపోయింది. కింద కారుతోందంటే, కార్బరేటర్ అడుగు గిన్నె నిండగానే పెట్రోల్ ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోవడం లేదు. సగం దగ్గర ముక్కడం ఆ రెండిట్లో దేనివల్లైనా రావచ్చు, లేదా ఎక్కడో బయటి గాలి దూరుతోంది. ఇవన్నీ ఒక రోజు పని. కొత్తది అని మన బజార్లలో చేతికిచ్చేది చాలాసార్లు నకిలీ సరుకు. దాని స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) కోత, ఆ స్లైడ్‌కి వేలాడే నీడిల్ వాలు, జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే ఇత్తడి ముక్క) రంధ్రం అసలుదానితో కలవవు. పైకి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది, బండి మాత్రం ఎన్నిసార్లు ట్యూన్ చేసినా ఏదో ఒకచోట తప్పుతూనే ఉంటుంది.

మీ బండి మీద ఉండేది మికుని అనే జపాన్ కంపెనీ వీఎం20 రకం. బాడీ పక్కన మికుని అని గానీ, మిక్‌కార్బ్ అని గానీ పోతలోనే అక్షరాలుంటాయి. అవి కనిపిస్తే ఆ కార్బరేటర్‌ని షాపులో పాత సామాను కింద వదిలి రావద్దు. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. మంచి బాడీలు ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

ఒక్క నియమం పెట్టుకోండి. శుభ్రం చేయడం, కారడం ఆపడం, గాలి దూరే చోట్లు మూయడం, ఈ మూడూ అయ్యేదాకా జెట్ నంబర్లు, నీడిల్ ఎత్తు మార్చే క్లిప్ మార్చకండి. పూడుకుపోయిన పైలట్ దారితో బండి నడవట్లేదని ఫుల్ యాక్సిలరేటర్‌కి పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ పెద్దది వేయడం, దానికి పొగ ఎక్కువైందని క్లిప్ మార్చడం, చివరికి ఏది ఎందుకు మార్చారో ఎవరికీ తెలియకపోవడం: పాత ఆర్‌ఎక్స్‌లు పాడయ్యేది ఎక్కువగా ఈ దారిలోనే.

కార్బరేటర్ ముట్టుకోకముందు ట్యాంకు చూడండి. ఎనిమిదేళ్లలో మన గాలి తేమకి ట్యాంకు లోపలి పైభాగం తుప్పు పట్టకుండా ఉండదు. ట్యాప్ దగ్గర గొట్టం ఊడదీసి, కింద ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టి, ఒక లీటరు వదలండి. ధార ఆగకుండా రావాలి. ముందు బాగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత వదులు చేసి చూస్తే తేలిపోతుంది. డబ్బా అడుగున ఎర్ర పొడి దిగితే ట్యాంకు కడిగించడం మొదటి పని. లేకపోతే మీరు కడిగిన జెట్లు వారంలో మళ్లీ పూడుకుంటాయి. ట్యాప్ విప్పి లోపలి జాలీ, రబ్బరు వాషర్ కూడా మార్చేయండి. పెట్రోల్ గొట్టం వంచితే బీటలు కనిపిస్తున్నా, గాజులా బిరుసెక్కినా అదీ మార్చాల్సిందే.

ఇంతకీ ఆ ఎనిమిదేళ్లలో లోపల ఏం జరిగిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. గిన్నెలో మిగిలిన పెట్రోల్ మెల్లగా ఆవిరైపోయి, అడుగున బెల్లం పాకం ఆరినట్టు గోధుమరంగు జిగురు పొర కడుతుంది. అది అన్నిటికంటే ముందు మూసేది అన్నిటికంటే సన్నని రంధ్రాన్ని, అంటే పైలట్ జెట్‌ని. రెండోది నీళ్లు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది. 10 శాతం కలపడం 2022 నాటికి దేశమంతా వచ్చేసింది, 20 శాతం కలిపినది 2023 ఫిబ్రవరిలో మొదలై 2025కి మామూలైపోయింది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీళ్ల పాలు ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగిపోతాయి. గిన్నె అడుగున ఉండేది మెయిన్ జెట్ మూతి కాబట్టి ఇంజిన్ ముందు తాగేది ఆ నీళ్లనే. ఆ నీళ్లు అక్కడే నిలిచి ఉంటే గిన్నె లోహం తెల్లగా పొడిలా తినుకుపోతుంది. సఖినేటిపల్లి, అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడై బయటి స్క్రూలు, స్ప్రింగులు ఇంకా త్వరగా పోతాయి.

మూడోది చాలామంది చూడనిది, కుమ్మరి పురుగు. షెడ్డులో పెట్టిన బండికి కార్బరేటర్ నుంచి కిందికి వేలాడే సన్న గొట్టాలుంటాయి కదా, ఆ పురుగు గూడు కట్టుకోవడానికి అవి సరిపోతాయి. గాలి గొట్టం మట్టితో మూసుకుంటే గిన్నెలోకి పెట్రోల్ సరిగా దిగదు. బండి కాసేపు నడిచి, ఎండిపోయినట్టు ఆగి, కొంతసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది. పొంగు గొట్టం మూసుకుంటే ఇంకా ప్రమాదం. కారాల్సిన పెట్రోల్ బయటికి పోయే దారి లేక ఇంజిన్లోకి దిగుతుంది. అందుకే గొట్టాలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటిలో సన్న తీగ దూర్చి, గాలి ఊది చూడండి. వాటి చివరలు బురద తగలనంత ఎత్తులో ఉండాలి గానీ చివర ఎప్పుడూ మూయకూడదు.

ఇక విప్పడం. ఆరుబయట, నీడలో, దగ్గర్లో దీపం, బీడీ, స్టవ్ లేకుండా. ట్యాప్ మూసి, గిన్నె కింది స్క్రూతో పెట్రోల్ వదిలేసి, పైమూత తిప్పి స్లైడ్‌ని కేబుల్‌తో సహా బయటికి లాగి ఒక శుభ్రమైన గుడ్డలో చుట్టి హ్యాండిల్‌కి వేలాడదీయండి. ఇంజిన్ వైపు, ఫిల్టర్ వైపు క్లిప్పులు వదులు చేసి బాడీ తీయండి. తెరిచిన ఇంజిన్ మూతిలో గుడ్డ కుక్కండి. ఒక చిన్న స్క్రూ అందులో పడితే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది.

గిన్నె స్క్రూల దగ్గర ఓపిక కావాలి. జపాన్ పద్ధతిలో చేసిన ప్లస్ తల స్క్రూలు ఇవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన వాటిలో అడుగుదాకా దిగదు, బలంగా తిప్పితే పైకి జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం మొన దొరికితే అదే వాడండి. లేకపోతే ఫిలిప్స్ మొన చివర కొద్దిగా అరగదీస్తే బాగా కూర్చుంటుంది. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు స్క్రూడ్రైవర్ పెట్టి చిన్న సుత్తితో తలమీద రెండు మూడు తట్లు తట్టి తిప్పండి. అయినా రాకపోతే బాడీని వేడినీళ్లలో పావుగంట ఉంచి తీయండి. మంట చూపించకండి. తిరిగి బిగించేటప్పుడు అదే థ్రెడ్‌లో స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేసుకుంటే తర్వాత ఎప్పుడు తీసినా సుఖం.

విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. ఎయిర్ స్క్రూని (స్లో మీద గాలి పాలు సరిచేసే స్క్రూ) తీసేముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకోండి. ఆగిన దగ్గర బలం వాడితే సూదిలాంటి మొన విరిగి సీటులో ఉండిపోతుంది. దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. నీడిల్ క్లిప్ పైనుంచి ఎన్నో గాడిలో ఉందో, స్లైడ్ మీద, జెట్ల మీద ఏ అంకెలున్నాయో కూడా రాసుకోండి. పైలట్ జెట్ లోతైన గుంటలో ఉంటుంది. వెడల్పు స్క్రూడ్రైవర్ గోడలకి తగిలి గాడి పట్టుకోదు, ఇత్తడి చీలిపోతుంది. గుంటలో సరిగ్గా దూరేలా, గాడి నిండేలా ఒక పాత స్క్రూడ్రైవర్‌ని సానపట్టి సిద్ధం చేసుకోండి. మెయిన్ జెట్ తీశాక నీడిల్ జెట్‌ని (నీడిల్ దిగే ఇత్తడి గొట్టం) కింది నుంచి చెక్కపుల్లతో నెడితే పైకి వస్తుంది. ఇనుప పుల్లతో కొట్టొద్దు. బాడీలో ఒక చిన్న మేకు, జెట్‌కి దానికి సరిపడే గాడి ఉంటాయి, తిరిగి పెట్టేటప్పుడు అవి కలవాలి.

శుభ్రం చేసేటప్పుడు జరిగే నష్టమే ఎక్కువ కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. పెట్రోల్లో ముంచి పళ్ల బ్రష్‌తో రుద్దితే బయట మెరుస్తుంది, లోపలి దారిలో ఎండిన జిగురు కదలదు. చింతపండు పులుసులో నానబెట్టడం మనవైపు అలవాటు. ఇత్తడి జెట్లకి కొద్దిసేపైతే ఫరవాలేదు గానీ, జింకు, అల్యూమినియం కలిసిన పోత బాడీని ఏ పులుపైనా తినేస్తుంది. నల్లబడి గుంటలు పడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్, సోడా కాస్టిక్ అసలు దగ్గరికి రానివ్వకండి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేసి, సన్నగొట్టం ఉన్న కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి పావుగంట నాననిచ్చి మళ్లీ కొట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి నేరుగా మొహం మీదకి వస్తుంది. అల్ట్రాసోనిక్ మెషిన్ ఉన్న షాపు దగ్గర్లో ఉంటే అది ఇంకా మంచిది. గోరువెచ్చకన్నా కొంచెం వేడినీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు ద్రవం, పావుగంట చొప్పున రెండుసార్లు. తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టాలి. తడి ఉంచితే మళ్లీ తెల్లపొడి మొదలవుతుంది.

జెట్లలోకి పిన్నీసు, ఇనుప తీగ, గిటార్ తీగ ఏదీ పెట్టకండి. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నం. ఒక్క గీత పడినా అది వేరే సైజు జెట్ అయిపోతుంది. మెత్తని కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు గానీ, చేపలు పట్టే సన్న నైలాన్ దారం గానీ చాలు. శుభ్రమయ్యాక జెట్‌ని ఆకాశం వైపు పెట్టి చూడండి. గుండ్రంగా, అంచు పదునుగా వెలుతురు కనిపించాలి. పక్కన సన్న రంధ్రాలున్న పైలట్ జెట్ అయితే అవి కూడా నాలుగు వైపులా తెరుచుకున్నాయో చూడాలి.

ఇప్పుడు మీ బండి చోక్ లేకుండా ఎందుకు నడవడం లేదో తేల్చే పరీక్ష. స్లైడ్ తీసేసిన బాడీ గొట్టంలోకి చూస్తే అడుగున, స్లైడ్ కూర్చునే చోట, రెండు చిన్న చుక్కల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. ఒకటి ఇంజిన్ వైపు కాస్త జరిగి ఉంటుంది, అది స్లో మీద పెట్రోల్ వచ్చేది. రెండోది స్లైడ్ అంచు కిందే, యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచినప్పుడు అందుకునేది. పైలట్ జెట్ కూర్చునే గుంటలో స్ప్రే గొట్టం పెట్టి కొట్టండి. ఎయిర్ స్క్రూ తీసిన రంధ్రంలోంచి, ఈ రెండు చుక్కల్లోంచి, మూడు చోట్లా ధార రావాలి. ఒకదాన్ని వేలితో మూస్తే మిగతా రెండిట్లో జోరు పెరగాలి. ఇంజిన్ వైపు చుక్క చెమ్మగిల్లి ఊరుకుందంటే జబ్బు అక్కడే. మళ్లీ నానబెట్టండి, నైలాన్ దారం కొన దూర్చండి, వెనకనుంచి గాలి కొట్టండి. మూడు ధారలూ కనిపించేదాకా బాడీని మూయకండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా చేసిన సర్వీసు సర్వీసు కాదు.

చోక్ సంగతి కూడా ఇక్కడే. మికుని వీఎంలో చోక్ అంటే గాలి మూసే రేకు కాదు, అదనంగా పెట్రోల్ వదిలే చిన్న పిస్టన్. దాని అడుగున రబ్బరు ముక్క ఉంటుంది. అది గట్టిపడినా గుంటపడినా మూసినప్పుడూ పెట్రోల్ కారుతూనే ఉంటుంది, బండి అన్నిచోట్లా పొగేస్తుంది, ప్లగ్ నల్లగా తడిసిపోతుంది. యాక్సిలరేటర్ తెరిచి పెట్టి కిక్ కొడితే ఈ చోక్ పనిచేయదు, స్లైడ్ మూసి ఉండాలి.

కారడం ఆపే పని. ఫ్లోట్ నీడిల్ మొన మీద గోటితో తడిమితే ఉంగరంలా గీత తగులుతుందా చూడండి. తగిలితే మార్చడమే. ఇత్తడి సీటు లోపల కాటన్ బడ్‌కి కొద్దిగా ఇత్తడి పాలిష్ రాసి వేళ్లతో పది పదిహేనుసార్లు తిప్పి, పూర్తిగా కడిగేయండి. సీటు విప్పే రకమైతే కింది వాషర్ కూడా మార్చండి, అక్కడ కారినా నీడిల్ కారినట్టే ఉంటుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు వచ్చినా, వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చినా అది పెట్రోల్ తాగేసింది.

తర్వాత ఫ్లోట్ ఎత్తు. బాడీని తలకిందులు చేసి, గాస్కెట్ తీసేసి, ఫ్లోట్ చేతి నాలుక నీడిల్‌ని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి. నీడిల్ వెనక స్ప్రింగ్ ఉంటే అది నొక్కుకోకూడదు. ఫ్లోట్ చెయ్యి గాస్కెట్ కూర్చునే ముఖానికి సమాంతరంగా ఉండాలి. లేకపోతే నాలుకని చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి వంచండి. ప్లాస్టిక్ చేతిని వంచకండి, విరుగుతుంది. పెట్రోల్ మట్టం ఎక్కువైతే కారుతుంది, పొగేస్తుంది. తక్కువైతే ఫుల్ స్పీడ్‌లో ఎండిపోతుంది. కొలత మిల్లీమీటర్లలో కావాలంటే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లోదే పట్టుకోండి, ఇంకో బండిది తెచ్చి పెట్టకండి.

ఫ్లోట్ నీడిల్ మార్చినా, ఎత్తు సరిచేసినా ఇంకా కారుతోందా? గిన్నె మధ్యలో నిలబడి ఉండే సన్న ఇత్తడి గొట్టాన్ని అనుమానించండి. అది పొంగు గొట్టం. నిలువునా కంటికి కనిపించనంత చీలిక పడుతుంది, ముఖ్యంగా నీళ్లు నిలిచిన గిన్నెల్లో. గిన్నెని విడిగా పేపరు మీద పెట్టి, ఆ గొట్టం పై అంచుకి కొంచెం కిందిదాకా పెట్రోల్ పోసి పది నిమిషాలు చూడండి. పేపరు తడిస్తే దొరికినట్టే. శుభ్రంగా గీకి సన్నగా టంకం పెడితే ఆగుతుంది. అయితే టంకం పెట్టేముందు గిన్నె పూర్తిగా ఆరి, పెట్రోల్ వాసన లేకుండా ఉండాలి.

పైవన్నీ సరిచేశాక కూడా సగం దగ్గర ముక్కుతుంటే అది నీడిల్, నీడిల్ జెట్‌ల పని. యాక్సిలరేటర్ పావు నుంచి ముప్పావు వరకు పెట్రోల్ కొలిచేది అవే. నీడిల్ ఆ రంధ్రంలో ఏళ్ల తరబడి కొట్టుకుని రంధ్రం కోలగా అరుగుతుంది, నీడిల్ మీద మెరిసే చారలు పడతాయి. అప్పుడు క్లిప్ పై గాడిలో పెట్టినా మధ్యలో పెట్రోల్ ఎక్కువే. రెండూ జతగా మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే పని జరగదు. నీడిల్ జెట్ మీద అక్షరం, అంకె కలిసిన గుర్తు ఉంటుంది, అదే గుర్తు అడగండి. స్లైడ్ కోత సైజు కూడా స్లైడ్ అడుగున అంకెగా ఉంటుంది, మార్చాల్సి వస్తే అదే అంకె. స్లైడ్ మీద నిలువు గీతలు, పూత లేచిపోవడం, వేలితో కదిపితే టకటకా ఆడటం కనిపిస్తే గాలి పక్కనుంచి దూరుతుంది, స్లో నిలకడగా ఉండదు. ఆ అరుగుదల బాడీ లోపలి గోడల్లోనే ఉంటే, అప్పుడు మాత్రమే బాడీ మార్చే మాట ఆలోచించండి. దాళ్వా కోతలప్పుడు, రైస్ మిల్లుల దారిలో ఎయిర్ ఫిల్టర్ లేకుండా తిరిగిన బళ్లకి ఇది ఎక్కువ. పాత స్పాంజి ఫిల్టర్ చేత్తో నలిపితే పొడైపోతుంటే అది జెట్లలోకే చేరుతుంది, కొత్తది వేసి కొద్దిగా నూనె రాసి పిండి పెట్టండి.

రిపేరు కిట్ కొనేటప్పుడు అందులో రబ్బర్లు, గాస్కెట్, ఫ్లోట్ నీడిల్ వాడుకోండి. జెట్లు మాత్రం, మీ అసలువి బాగుంటే, అవే తిరిగి పెట్టండి. చవక కిట్లలో జెట్ మీద రాసిన అంకెకీ రంధ్రానికీ పొంతన ఉండదు. ఓ రింగులు, ఫ్లోట్ నీడిల్ మొన విటాన్ అనే రబ్బరు రకమైతే ఇథనాల్‌కి తట్టుకుంటాయి. గిన్నె గాస్కెట్‌కి తోడు సిలికాన్ బంకో, ఎర్ర పేస్టో రాస్తే పెట్రోల్‌కి ఉబ్బి, ముక్కలై, మీరు కష్టపడి తెరిచిన రంధ్రాల్లోకే పోతుంది. బిగించేటప్పుడు స్లైడ్ కోత ఫిల్టర్ వైపు, గాడి బాడీలోని మేకు మీద. పైమూత బిగించాక యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టప్‌మని మూసుకోవాలి. హ్యాండిల్ కుడికి, ఎడమకి పూర్తిగా తిప్పి కూడా చూడండి. ఈ పరీక్ష అవకుండా స్టార్ట్ చేయకండి, స్లైడ్ తెరుచుకుని ఇరుక్కుంటే బండి ఆగదు.

ఇంజిన్, కార్బరేటర్ మధ్య రబ్బరు జాయింటుని వంచి చూడండి, లోతైన పగుళ్లుంటే మార్చండి. స్టార్ట్ అయ్యాక స్లో మీద ఉంచి ఆ జాయింటు చుట్టూ కొద్దిగా నీళ్లు చిమ్మండి. ఇంజిన్ చప్పుడు మారితే అక్కడ గాలి దూరుతోంది.

ట్యూనింగ్ ఇంజిన్ వేడెక్కాకే. ఐదారు కిలోమీటర్లు తిప్పి వచ్చి, స్లో స్క్రూతో ఇంజిన్‌ని మామూలుకంటే కాస్త ఎక్కువ తిరగనివ్వండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పిన దగ్గర మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున రెండు వైపులా తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినండి. ఇంజిన్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ వదిలి, స్లో స్క్రూ తగ్గించండి. ఈ కార్బరేటర్లో ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉండే బళ్లలో ఇది తిరగబడుతుంది. అక్కడ విన్న సలహా ఇక్కడ వాడొద్దు. మంచి స్లో అర చుట్టులోపే వస్తోందంటే పైలట్ జెట్ చిన్నదైంది, లేదా ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. రెండున్నర చుట్లు దాటితే జెట్ పెద్దది, లేదా ఫ్లోట్ మట్టం ఎక్కువ.

మధ్యలో ఇంకా తేడా ఉంటే అప్పుడు క్లిప్. క్లిప్‌ని ఒక గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది, పై గాడికి మారిస్తే తగ్గుతుంది. గ్రిప్ మీద టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. ఏ గుర్తు దగ్గర తప్పుతోందో తెలిస్తే ఏ భాగం ముట్టుకోవాలో తెలుస్తుంది. సగం అనుకున్నది చాలామందికి పావే అయి ఉంటుంది.

ఇథనాల్ లెక్క మెయిన్ జెట్ దగ్గర గుర్తుంచుకోవాలి. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే 1991లో సరిపోయిన జెట్ ఈ రోజు 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో గాలి ఎక్కువైన మిశ్రమం ఇస్తుంది. నాలుగు స్ట్రోకుల బండి అయితే కాస్త వేడెక్కి ఊరుకుంటుంది. మీ ఆర్‌ఎక్స్ లాంటి రెండు స్ట్రోకుల ఇంజిన్లో పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. అందుకే కొత్త ప్లగ్ వేసి, ఖాళీగా ఉన్న వేళ 216వ నంబరు జాతీయ రహదారి లాంటి వెడల్పు రోడ్డు మీద, మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్‌తో కొంతదూరం వెళ్లి, అలాగే తెరిచి ఉంచి ఇంజిన్ ఆపి, వెంటనే క్లచ్ పట్టి, పక్కకి తీసి ప్లగ్ చూడండి. కాలువ గట్ల మీద, లాకుల దగ్గర ఈ పని పెట్టుకోకండి. పింగాణీ లోపలి మొదట్లో గోధుమరంగు ఉంగరం కనిపించాలి. తెల్లగా, మీద మెరిసే చుక్కలతో ఉంటే వెంటనే ఆపి మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచండి. నల్లగా తడిగా ఉంటే ఒక సైజు తగ్గించేముందు చోక్ రబ్బరు, ఫ్లోట్ మట్టం, మసిపట్టిన సైలెన్సర్ మళ్లీ చూడండి. జెట్లు కొనేటప్పుడు మికుని అంకెకి మికుని జెట్టే అడగండి. కీహిన్ అనే ఇంకో కంపెనీ అంకెలు వేరే లెక్క.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజిన్‌కి పట్టకపోతే, లేదా వేడెక్కే కొద్దీ స్లో దానంతటదే పెరిగిపోతుంటే, కార్బరేటర్‌ని వదిలేయండి. క్రాంక్ మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ ఎండిపోయి గాలి పీలుస్తోంది. ఎనిమిదేళ్లు కదలని రెండు స్ట్రోకుల బండికి ఇది చాలా మామూలు. ఏ జెట్టూ దాన్ని సరిచేయదు, అలాగే నడిపితే పిస్టన్ పోతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేరు ఆయిల్ లాగేసుకుని ఆగకుండా తెల్లపొగ వస్తుంది, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గిపోతుంటుంది. సీళ్ల ఖర్చు కొద్దే. మాగ్నెట్ తీయడానికి సరైన పుల్లర్ ఉన్న మెకానిక్ దగ్గరే చేయించండి, సుత్తితో కొట్టి తీసేవాళ్లకి ఇవ్వకండి.

బండి నడవడం మొదలయ్యాక రెండు వారాలకి మించి ఆపాల్సి వస్తే ట్యాప్ మూసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా తిరగనిచ్చి, గిన్నె కింది స్క్రూ తిప్పి మిగిలిన పెట్రోల్ వదిలేయండి. వానాకాలం అంతా ఆపేస్తున్నారంటే ట్యాంకులోది కూడా తీసేసి, లోపల కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి గోడలన్నీ తడిసేలా ఊపి పెట్టండి. మళ్లీ తీసినప్పుడు ఆ ఆయిల్‌ని పెట్రోల్‌తో కడిగి పారబోసి, గిన్నె కింది గొట్టాల చివరలు ఒకసారి చూసి, తర్వాతే ట్యాప్ తెరవండి.